దారి బాబాయ్ బండి

"ఎవరికైనా అమ్ముతాను గానీ, మీకు మాత్రం అమ్మను," అంది పెద్దావిడ, గేటు గడియ మీంచి చెయ్యి తీయకుండా.

కుర్రాడు బిత్తరపోయాడు. "అదేంటి పిన్నిగారూ! నిన్న పేపర్లో ప్రకటన చూసి, తెల్లవారకుండానే బయల్దేరి వచ్చాం. మీరు అడిగిన ధరే ఇస్తాం. బేరం కూడా ఆడం."

"ధర గురించి కాదు బాబూ. మీరు ఆయన గ్రూపువాళ్లమని చెప్పారుగా. ఆ గ్రూపులో ఎవరికీ ఇవ్వను."

కుర్రాడి వెనకే అతని భార్య నిలబడి ఉంది. షెడ్డు కింద తెల్లటి క్యాంపర్ వ్యాన్ కనిపిస్తోంది. బండిలోనే పడక, బండిలోనే పొయ్యి పెట్టుకుని ఊళ్లు తిరిగేవాళ్లంతా ఫోన్లో ఒక గ్రూపు పెట్టుకున్నారు. ఎక్కడ ఆగారో, ఏం చూశారో అందులో ఒకరికొకరు చెప్పుకుంటారు. ఈవిడ భర్త ఆ గ్రూపుకి పెద్ద దిక్కు. అందరూ ఆయన్ని దారి బాబాయ్ అనేవారు. ఆయన పోయి నెల కూడా కాలేదు.

"బాబాయ్ లేకపోతే ఇవాళ మేం లేం," అన్నాడు కుర్రాడు. "కొండ మీద వానలో ఇరుక్కుని ఫోన్ చేశాం. మూడో మలుపు దాటాక పాత చెక్‌పోస్టు ఉంటుంది, దాని వెనక రాతినేల మీద ఆపండి, మిగతాదంతా జారే మట్టి అన్నారు. మేం ఆపిన అరగంటకి వెనక రోడ్డే లేదు! ఎన్నిసార్లు తిరిగితే అంత తెలుస్తుంది పిన్నిగారూ? అలాంటి బండిలో ఎవడో కూరగాయలు మోసుకుంటుంటే మా ప్రాణం ఊరుకుంటుందా?"

"మోసుకోనీ. కూరగాయలే నయం." ఆవిడ కళ్లు నిండాయి.

"మా మీద అంత కోపమా?"

"కోపమేంటి నాయనా, మీ పేర్లు చెప్పుకునే ఆయన అన్నం తినేవారు. ఇక వెళ్లండి, నేను ఆసుపత్రికి పోవాలి. రోజు విడిచి రోజు మిషను మీద పడుకోకపోతే నా రక్తం శుభ్రపడదు. తొమ్మిదేళ్లుగా ఇదే బతుకు."

కుర్రాడు ఊరుకునే రకం కాదు. "అమ్మకపోతే మానె. ఒక్కసారి దగ్గరగా చూసి వెళ్లిపోతాం."

కాదనలేక ఆవిడ గడియ తీసింది.

కుర్రాడు బండి చుట్టూ తిరిగి, వెనక తలుపు తెరిచి మురిసిపోయాడు. "చూడవోయ్, కడిగిన ముత్యంలా ఉంది! పొయ్యి మీద ఒక్క మరక లేదు. మనమూ ఉన్నాం, ఆర్నెల్లకే బండిని చెత్తకుండీ చేశాం."

"ఆ చెత్త ఎవరిదో పిన్నిగారికి చెప్పమంటారా?" అంటూ భార్య డ్రైవరు సీటెక్కింది.

"బాబాయ్ గ్రూపులో ఫొటో ఒక్కటీ పెట్టేవారు కాదు. ఎవరు ఎక్కడికెళ్లొచ్చినా గంటసేపు ఫోన్లో కూర్చోబెట్టి, రాయీ రప్పా కూడా వదలకుండా అడిగేవారు. తను చూసినవి చెప్పమంటే మాత్రం, నాదేముంది, మీరు చెప్పండి అనేవారు. ఎంత అణకువ మనిషి!" అన్నాడు కుర్రాడు.

పెద్దావిడ అతని మాట వినడం లేదు. ఒగరుస్తూ ముందు తలుపు దగ్గరికి వచ్చింది. "అమ్మాయ్, ఆ తువ్వాలు తీయకు!"

అప్పటికే ఆలస్యమైంది. స్టీరింగు వెనక పరిచిన తువ్వాలు కొస ఆ అమ్మాయి చేతిలో ఉంది. వంగి దాని కింద చూసింది. తర్వాత పెద్దావిడ వైపు తిరిగింది. ఆవిడ రెండు చేతులూ జోడించి ఉంది. మొగుణ్ని పదిమందిలో నిలబెట్టి నవ్వుతారేమోనన్న భయం ఆ ముఖంలో స్పష్టంగా కనిపిస్తోంది.

"ఎంత తిరిగింది?" వెనకనుంచి ఆత్రంగా అడిగాడు కుర్రాడు.

ఆ అమ్మాయి తువ్వాలు మళ్లీ ఎప్పటిలా కప్పింది.

"లెక్కే లేదండీ. ఈ బండి ఇంకేం పరుగెత్తుతుంది పాపం, అలిసిపోయింది. మనకొద్దు, పదండి." కిందికి దిగి పెద్దావిడని గట్టిగా పట్టుకుంది. ఆవిడ ఆ అమ్మాయి భుజం మీద తల పెట్టి ఏడ్చేసింది.

తువ్వాలు కింద మీటరు మీద ఉన్నవి పద్నాలుగు కిలోమీటర్లు, తొమ్మిదేళ్ల కిందట కొన్నచోటి నుంచి ఈ గేటు దాకా వచ్చినవి.