మొదట కాగిన పాలు

ఇల్లు కడగాలి. దిష్టిబొమ్మ దించాలి. గడపకు పసుపు పూయాలి. కాపలాకున్న ఎస్తేరు రేకుల కొట్టం సాయంత్రానికల్లా పీకించాలి. రేపటి గృహప్రవేశానికి అత్త ఆదిలక్ష్మమ్మ చెప్పిన పనుల్లో ఈ చివరిదొక్కటే నందినికి మింగుడు పడలేదు.

“పాపకు జ్వరం కాస్తా ఉండాదమ్మా. రేప్పొద్దన్నే పోతాను,” అంది ఎస్తేరు.

“గోవు నిలబడే తావులో నీ కొట్టముంటే ఎట్ల? తిరుచానూరులో మీ అక్కుండాది కదా, ఆడికి పో.” అంతలో అత్తకు ఏదో గుర్తొచ్చింది. “సూడు, ఈ ఇంట్లో నువ్వు గానీ పాలు కాసినావా? మనకంటే ముందు ఇంకొకరు కాస్తే దోషమంట. అయ్యోరు మరీ మరీ అడిగినాడు.”

మొన్న తుపానుకు కొట్టంలోకి నీళ్లొస్తే, “వంటింట్లో కాసుకో ఎస్తేరూ,” అన్నది నందినే.

ఎస్తేరు ఒక్కసారి నందిని వైపు చూసింది.

“లేదమ్మా. నేనెందుకు కాస్తాను?”

ఈ ఒక్క రాత్రికి ఉండనిమ్మని చెప్పడానికి నందిని నోరు తెరిచింది. అత్త మొహం చూసి మూసుకుంది. ఎస్తేరు పాపను భుజాన వేసుకుని బస్సుకు నడిచింది.

మరునాడు పాలు తూర్పుకే పొంగాయి. శుభమన్నారందరూ. నందిని తలూపింది.

మీ కొత్తింట్లో పాలు పొంగేటప్పుడు మీరైనా ఎస్తేరును ఒకసారి తలుచుకోండి.