రెండో పీత

తొట్టిలో ఒక్క పీతే ఉండాలి. పొద్దున భూమేశ్ వెళ్లి చూస్తే రెండున్నాయి.

ఒకటి కదులుతోంది. ఇంకోటి కాళ్లు ముడుచుకుని పడి ఉంది.

మంచుదేశపు సముద్రం అడుగుకు ఇనుప బోను దించి పట్టిన పీత అది. కాళ్లు చాపితే మనిషి చేతులు చాపినంత. దుబాయ్‌లో అల్ ఖూజ్‌లోని ఆ గోదాములో దానికి విడిగా ఓ తొట్టి, చుట్టూ ఎముకలు కొరికే చలిగది. బయట తారురోడ్డు కరుగుతున్నా దానికి మాత్రం చలికాలమే. పనివాడికి లేని వైభోగం.

భూమేశ్ పడి ఉన్నదాన్ని పైకి తీశాడు. కళ్లున్నాయి, గోళ్లున్నాయి, మీసాలున్నాయి.

బరువు లేదు.

వెనక్కి తిప్పాడు. లోపల ఏమీ లేదు.

చేతిలోంచి జారిపోయింది.

"బయటికి రా బిడ్డా... బయటికి రా..."

గుమ్మంలో ముసలాయన. గది ఊడవడానికి విజిట్ వీసా మీద వచ్చిన మనిషి. భూమేశ్ పనిలో చేరిన రోజే ఆయనా చేరాడు. పేరు రాజలింగం అన్నాడు, ఊరు చెప్పలేదు. భూమేశ్ లోపల ఉన్నంతసేపూ తెరిచిన తలుపుకు వీపు ఆనించి నిలబడతాడు. ఎప్పుడూ ఇదే గొణుగుడు.

భూమేశ్ ఆయన మీదికి వెళ్లాడు.

"నువ్వేనా? ఎండ్రికాయను తోలులకెల్లి బయటికి పిలిచింది నువ్వేనా?"

"నేనేం జేసిన బిడ్డా?"

"బాణామతి! రేపు నన్ను గూడ గిట్లనే పిలుస్తవ్!"

ముసలాయన తలుపు మాత్రం వదల్లేదు.

అరుపులకు గోదాము ముదీర్, అంటే మేనేజరు, వచ్చాడు. బాణామతి సంగతి ఆయనకు అర్థం కాలేదు గానీ, తెరిచి ఉన్న తలుపు మాత్రం బాగా అర్థమైంది.

"రోజూ చలి బయటికి పోతున్నది ఇందుకా? బుడ్డా, ఖలాస్! మూర్తీ, వీణ్ని ఎయిర్‌పోర్టులో దింపిరా."

ముసలాయన భూమేశ్ చెయ్యి పట్టుకున్నాడు.

"ఒక్కనివి లోపలికి పోకు బిడ్డా."

"శాపం బెడుతున్నవా? యల్లా, నడువ్!"

స్టోర్ చూసే మూర్తి ఆయన్ని పికప్‌లో ఎక్కించుకుపోయాడు. పీడ విరగడైందనుకుని భూమేశ్ లోపలికి వెళ్లాడు. వెనక తలుపు టక్కున మూసుకుంది.

పని అయ్యాక పిడి తిప్పాడు. తిరగలేదు.

గుద్దాడు, అరిచాడు. ఏసీ మిషన్ల హోరులో తన గొంతు తనకే వినబడలేదు. వేళ్లు మొద్దుబారాయి. తొట్టి అద్దం అవతల పీత తననే చూస్తున్నట్టుంది. మెత్తగా, కొత్తగా, అప్పుడే పుట్టినట్టు.

కాళ్లు మడత పడుతుండగా తలుపు తెరుచుకుంది. మూర్తి.

"మూర్తన్నా... ఎండ్రికాయ..."

"పీతకేం కాలేదురా పిచ్చోడా! పెరగాలంటే పాత డిప్ప విడిచేస్తాయవి. బాణామతీ లేదు, నీ మొహమూ లేదు."

మూర్తి తన జాకెట్ విప్పి అతనికి కప్పాడు.

"అన్నా, ఈ పిడి..."

"లోపల్నించి తిరగదురా. తెలిస్తే ఎవడూ పనిలోకి రాడని ముదీర్ చెప్పొద్దన్నాడు."

"మరి ముసలాయనకెట్ల తెలుసు?"

మూర్తి తల దించుకున్నాడు.

"దారిలో చెప్పాడ్రా. నీకంటే ముందు ఈ పని చేసిన మల్లేశ్ ఈ గదిలోనే బిగుసుకుపోయి చచ్చాడు. వాడి తండ్రంట."