చదువరి కుర్చీ

అలలపై తేలివచ్చి, తుపానులో దిక్కుతోచని పడవవారికి దిక్కుగా నిలిచిన దయామాతా! విసిగిన చేతులకు ఓర్పునిచ్చేదానవు నీవే. ఈ చిన్న కథకు నీ కడగంటి చూపు తోడు కానిమ్ము.

"ఆ పెట్టెను ఇక్కడ కట్టకండి!" అంటూ మిగ్దాలియా పట్టుకారును బల్లమీద పడవేసింది.

నిచ్చెనపై నిలిచి గోడకు లౌడ్‌స్పీకరు బిగిస్తున్న మేనేజరు రొహేలియో వెనుదిరిగి చూశాడు.

"ఎందుకమ్మా ఆ కోపం? మీ విసుగు పోగొడదామనేగా హవానా నుంచి తెప్పించింది! నాటకాలొస్తాయి, పాటలొస్తాయి. ఇక ఆ పెద్దాయన గొంతు చించుకోనక్కర్లేదు."

బడిపిల్లలు స్వయంగా రేడియో కూర్చుకొనేందుకు కావలసిన విడిభాగాల పొట్లాలను ఆ హాలులో సిద్ధం చేస్తారు. రెసిస్టర్ల ఒంటిమీది రంగు చారలు చూసి వేరుచేయాలి, తీగ కాళ్ళను కొలత ప్రకారం వంచాలి, అట్టముక్కలకు గుచ్చాలి. ఉదయం వంచిన కాలికీ సాయంకాలం వంచిన కాలికీ భేదమేమీ ఉండదు. ఆ పనిలో మనిషిని నిలిపేది ఒక్క పాత ఆచారమే. పూర్వం అదే హాలులో పొగాకు చుట్టలు చుట్టేవారు. చేతులు పనిచేస్తుండగా ఒకరు ఎత్తు కుర్చీలో కూర్చుని నవల చదివి వినిపించేవారు. చదువు నచ్చితే పనివారు ఆకుకత్తులతో బల్లను తట్టేవారు. చుట్టలు పోయినా చదువరి మిగిలాడు. ఇప్పుడు పట్టుకార్లు తడుతున్నాయి.

ఆ చదువరి ఎపిఫానియో. పుస్తకాన్ని గుండెకు హత్తుకొని మూలన నిలబడి ఉన్నాడు.

"అమ్మాయిలకి ఏది నచ్చితే అదే కానీ బాబూ," అన్నాడు. గొంతు మాత్రం ఆ మాటకు ఒప్పుకోలేదు.

మిగ్దాలియా పక్కన కూర్చునే ఒదాలిస్ కాఫీ గిన్నె దించి కిసుక్కున నవ్వింది.

"నీ బాధ నాకు తెలుసులే వదినా! కిందటేడు పట్టుబట్టి ఆయన మీసం గొరిగించావు. కుర్చీని కిటికీ వెలుగులోకి జరిపించావు. ఇప్పుడు సవతిని తెచ్చి గోడకెక్కిస్తుంటే ఎట్లా ఊరుకుంటావ్?"

"ముసలాడు నాకెందుకే? మీ ఆయన్నిస్తానంటే ఆలోచిస్తా!"

"తీసుకుపో తల్లీ, గురకతో సహా!"

హాలంతా గొల్లుమన్నది.

"ఇవాళంతా పెట్టె మాట్లాడుతుంది. సాయంత్రం మీ పట్టుకార్లే తీర్పు చెప్తాయి," అని రొహేలియో మీట నొక్కాడు.

పెట్టె మోగింది. నాటకంలో అత్తా కోడళ్ళ పోరు మొదలైంది. ఆడవాళ్ళు పడిపడి నవ్వారు. మూలనున్న ఎపిఫానియో సైతం నోటికి చేయి అడ్డం పెట్టుకున్నాడు. మిగ్దాలియా అందరూ నవ్విన తరువాత ఒకసారి నవ్వి, ఊరుకున్నది.

ఆ హాలులో అందరికన్నా చురుకైన చేయి ఆమెది. చెక్కముక్కకు గాడి చెక్కి, అందులో రెసిస్టరును ఉంచి బొటనవ్రేళ్ళతో నొక్కితే రెండు కాళ్ళూ ఒక్కసారే వంగే ఉపాయం కనిపెట్టినది ఆమెయే. వ్రేళ్ళు గాడిలో, చూపు కుర్చీమీద. తలవంచి పని చూసుకోవలసిన అవసరం ఆమెకు ఉండేది కాదు. ఆనాడు మాత్రం ఆ గాడిలోనే తీగలు పుటుక్కున విరిగాయి. ఎర్రచారలవి నారింజచారల డబ్బాలో పడ్డాయి. ఆమె లేచి నీళ్ళు త్రాగింది, కూర్చున్నది, పీటను ఇటు జరిపి, మళ్ళీ అటు జరిపింది. కిటికీ వద్దకు పోయి నిలుచున్నది. ఖాళీ కుర్చీ వంక చూసి చూపు తిప్పుకున్నది.

"వదినా! జామమిఠాయి తింటావా?" అని వెనుకనుంచి ఒదాలిస్ పిలిచింది.

బదులు లేదు.

"అలక చూడండమ్మా, అలక!"

సాయంకాలం రొహేలియో బల్లకు ఎదురుగా వచ్చి నిలిచాడు. "ఇప్పుడు చెప్పు మిగ్దాలియా, ఈ పెట్టెకేం లోటు?"

"దానికి మొహం లేదు."

"మొహమెందుకు? గొంతుందిగా!"

"కథలన్నీ అబద్ధాలే కదా! అబద్ధం చెప్పేవాడి మొహం చూడకుండా నేను నమ్మను."

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు.

"మొన్న నవల్లో పసిబిడ్డ పోయినచోట ఒదాలిస్ ఏడ్చింది. పెద్దాయన పుస్తకం మూసి, ఇది కళ్ళు తుడుచుకునేదాకా ఆగాడు. ఆ పెట్టె ఆగుతుందా? పొద్దస్తమానం తీగ కాళ్ళు వంచుతున్నాం. మనకోసం ఆగే మనిషి ఒక్కడన్నా వద్దా? ఆయన్ని దింపేస్తే నేనిక్కడ ఉండలేను. రేపట్నించి రాను."

ఒదాలిస్ తలవంచుకున్నది. ఆమె ఒడి ఎందుకు ఖాళీ అయినదో ఆ హాలులో తెలియనివారు లేరు.

"సరే. పెట్టె కావాలనేవాళ్ళు!" అన్నాడు రొహేలియో.

అక్కడక్కడ పట్టుకార్లు తట్టాయి.

"చదువరి కావాలనేవాళ్ళు!"

మొదట తట్టినది ఒదాలిస్. ఆ వెనుక వరుస వరుసగా తట్టడంతో పొడవాటి బల్ల ఈ చివరినుంచి ఆ చివరి వరకు అదిరింది. మిగ్దాలియా అరచేతులు రెండూ బల్లకు ఆనించి, ఆ అదురు తన ఒంటికెక్కేవరకు అలాగే నిలిచిపోయింది.

రొహేలియో నవ్వి నిచ్చెన ఎక్కాడు. పెట్టె కిందికి దిగింది. ఎపిఫానియో మెల్లగా కుర్చీ ఎక్కి, కిటికీ వెలుగు వైపు ముఖం తిప్పి కళ్ళద్దాలు సర్దుకున్నాడు.

"ఎక్కడ ఆగామమ్మా?"

"పడవ తాడు విప్పినచోట!" అన్నది మిగ్దాలియా అందరికన్నా ముందుగా. గాడిలో రెసిస్టరు పెట్టి, తల ఎత్తింది.

చెవులతో కథ విన్నవారికి దయామాత శుభమిచ్చుగాక. చెవుడు దాచుకొని, పెదవులు చూసి విన్న మిగ్దాలియా వంటివారికి మరింత శుభమిచ్చుగాక!