ఆకు రాలేంత పాట

ఆ అడవిలో ఎవరి గొప్ప నలుగురికీ తెలియాలన్నా గోరింక దగ్గరికే వచ్చేవాళ్లు. అది పాట కట్టి, చెట్టు చెట్టుకీ తిరిగి వినిపించేది. ధర మాత్రం పాట పొడవును బట్టే. ఒక ఆకు కొమ్మ నుంచి రాలి నేలను తాకేంత పాటకి ఒక పండు, అంతే. పిచ్చిది, రోజంతా పనే, కడుపు మాత్రం ఎప్పుడూ ఖాళీయే.

ఒకనాడు పెద్ద తేనెటీగ వచ్చింది.

"మా తేనె మీద ఒక పాట కావాలమ్మా. ఆకు రాలేంత ఉంటే చాలు. ఒక చుక్క తేనె ఇస్తాం."

గోరింక అలవాటు కొద్దీ తలూపబోయింది. అంతలో మొన్న చీమలకి కట్టిన పాట గుర్తొచ్చింది. దానికోసం నాలుగు రోజులు పుట్ట దగ్గరే కాపు కాసింది, పదకొండు బాణీలు కట్టి పారేసింది. చివరికి చేతికొచ్చింది ఒక్క నేరేడు పండు!

గొంతు సవరించుకుని, "ఇరవై చుక్కలండీ" అంది.

తేనెటీగ ఝుమ్మని లేచింది. "ఆకు రాలేంత పాటకా?"

"మీ తేనె చుక్క నాలుక మీద ఎంతసేపుంటుందండీ? దానికోసం మీరెన్ని పూలు తిరిగారు?"

తేనెటీగ మళ్లీ కొమ్మ మీద వాలింది. పూలు లెక్కపెట్టబోయి, మధ్యలోనే వదిలేసింది.

"సరే. పోనీ, పాట ఇంకా పొట్టిగా కడితే తగ్గిస్తావా?"

"పొట్టిగా కట్టాలంటే ఇంకో రెండు రోజులు పడుతుందండీ. ఇరవై అయిదు అవుతుంది."

తేనెటీగ పకపకా నవ్వింది. "పొట్టిగానే కట్టు తల్లీ. రేపు పొద్దున్నే మా పట్టు దగ్గరికి వచ్చి పని మొదలెట్టు."