రేపటి తేదీ

"చనిపోయిన తేదీ ఎంతండీ?"

"రేపటిది వెయ్యమ్మా."

కీబోర్డు మీద ఆపరేటరమ్మాయి వేళ్ళు ఆగిపోయాయి. ఫ్లెక్సీల నుంచి పాస్‌పోర్టు ఫోటోల దాకా అన్నీ చేసే చిన్న షాపు అది. పోయినవాళ్ళ ఫ్లెక్సీలు ఆమె ఎన్నో చేసింది గానీ, ఇంకా పోనివాళ్ళది చెయ్యమని ఎవరూ రాలేదు.

"నిన్నటిదేమో, మళ్ళీ ఒకసారి చూసుకోండి," అంది కుర్చీలో కూర్చున్న ముసలి లారీ డ్రైవరుతో.

"మా నాన్న సరిగ్గానే చెప్పాడు," అన్నాడు గుమ్మంలోంచి పెద్దకొడుకు. "కులం కానివాణ్ణి కట్టుకున్నరోజే సగం చచ్చింది మా చెల్లి. మిగతా సగం రేపు."

వాడి వెనక చిన్నకొడుకు పళ్ళికిలించాడు. తెరమీద ఫోటోలో ఆ పిల్ల, మొగుడి భుజానికి తల ఆన్చి పకపకా నవ్వుతోంది.

"అబ్బాయిని కత్తిరించు," అన్నాడు డ్రైవరు. "చెరిపెయ్యకు. పక్కన దాచు, పనుంది."

వాడికీ ఇంకో ఫ్లెక్సీ కాబోలు! ఆమె కావాలనే నెమ్మదిగా టైపు చేసింది. పైన 'కన్నీటి నివాళి' అని పడగానే పెద్దకొడుకు అంతెత్తున ఎగిరాడు.

"ఎవరు కార్చారు కన్నీళ్ళు? తీసెయ్!"

"ఉంచమ్మా," అన్నాడు తండ్రి. "చూసినవాళ్ళు నమ్మాలిగా."

"అసలు వస్తుందంటావా నాన్నా?"

"నేను పిలిస్తే రాకుండా ఉంటుందా? ఇద్దర్నీ లారీ ఎక్కించుకుపోతా, ఒక్కణ్ణే తిరిగొస్తా. ఏట్లో కలిసిపోయారంతే."

"మేమూ వస్తాం."

"వద్దన్నానా! కన్నది నేను, ముగించేదీ నేనే. వెళ్ళి బండి తియ్యండి."

ఆ గొంతుకి కొడుకులిద్దరూ నోరు మూసుకుని బయటికి నడిచారు.

ఆపరేటరమ్మాయి బల్లకింద ఫోను తీసింది. పోలీసుల నంబరు సగం నొక్కిందో లేదో, మోటుచెయ్యి ఒకటి వచ్చి ఆ ఫోను మీద పడింది.

"లోపల పెట్టెయ్యమ్మా."

"మీకు దణ్ణం పెడతాను బాబాయ్," ఆమెకి ఏడుపు తన్నుకొచ్చింది. "కన్నకూతురండీ! ఈ చేతుల్తోనే ఎత్తుకుని తిప్పి ఉంటారు. మీకెలా మనసొప్పుతోంది?"

డ్రైవరు గుమ్మం వైపే చూస్తూ కూర్చున్నాడు. బయట బండి స్టార్టయిన చప్పుడు వినబడ్డాక మెల్లగా ముందుకి వంగాడు.

"ఆ దాచిన అబ్బాయిదీ, మా పిల్లదీ పాస్‌పోర్టు సైజు ఫోటోలు తీసివ్వు తల్లీ. తొందరగా, వాళ్ళ కంట పడకుండా. చచ్చినవాళ్ళకైనా సరే, కొత్త ఊళ్ళో ఇల్లు అద్దెకివ్వాలంటే ఫోటోలు అడుగుతారట."