తేనెటీగలకు చెప్పిన మాట

సెలవులకని ఆ పాత ఊరొచ్చిన రెండో సాయంత్రం, మసక చీకట్లో, హిలరీ వంటింటి కిటికీలోంచి చూసింది. ఇంటి యజమానురాలు ముసలి వినిఫ్రెడ్ తోటలోని తేనెపెట్టె మీద తాళంచెవితో మూడుసార్లు తట్టి, ఏదో గొణిగి, దానికి నల్లగుడ్డ కడుతోంది. ఇంట్లో చావు జరిగితే ముందుగా తేనెటీగలకు చెప్పాలని అక్కడి ఆచారం. చెప్పకపోతే అవి అలిగి ఎగిరిపోతాయి.

ముసలామె లోపలికి రాగానే హిలరీ అడిగింది, "ఎవరు పోయారు మామ్మగారూ?"

"అదేంటి తల్లీ, నీకింకా తెలీదా? మీ ఆయనే."

హిలరీ పకపకా నవ్వింది. "చాల్లెండి మీ వేళాకోళం! క్లైవ్ పైన పడుకున్నాడు. ఆ గురక ఊరంతా వినబడుతుంటేనూ!"

వినిఫ్రెడ్ చెవి ఒగ్గి వింది. ఆమె మొహం పాలిపోయింది.

"మరి ఇందాక పెరటి గుమ్మంలో నిలబడి, 'నా సంగతి వాటికి చెప్పండి' అన్నదెవరు? ఒళ్ళంతా నీళ్ళోడుతున్నాడు. నీతో చెప్పలేక నన్నడిగాడనుకున్నా."

పెరటి గుమ్మం దగ్గర విడిచి ఉన్న క్లైవ్ బూట్ల చుట్టూ నీటి మడుగు. పొద్దుటినుంచి చినుకైనా పడలేదు.

పైన గురక సాగుతూనే ఉంది. "క్లైవ్!" అని పిలవబోయి, హిలరీ చప్పున నోరు మూసుకుంది.

పిలిస్తే ఎటునుంచి పలుకుతాడో!