ఆరు వాషింగ్ మిషన్లు

బేరమాడని మనిషంటే యాసీన్‌కు లోకువ.

అసలే ఆ పొద్దున అతను చిరాగ్గా ఉన్నాడు. భార్య షాహనాకు గొంతులో క్యాన్సర్ గడ్డ. నెల్లూరు ఆసుపత్రిలో రేడియేషన్ మిషన్‌తో కరెంటు పెడుతుండగా, సగంలో అది ఆగిపోయింది. పన్నెండు రోజులైంది. ఇంకా ఆలస్యమైతే గడ్డ తిరగబెడుతుందన్నాడు డాక్టర్ సుశీల్ కుమార్.

“అంత పెద్ద ఆసుపత్రి! ఒక చిన్న పార్టు తెచ్చుకోలేరంట. ఎందుకు పనికొస్తారు వీళ్లు?” అని తిట్టుకుంటూ తన పాత సామాన్ల కొట్టు తెరిచాడు.

అప్పుడొచ్చాడు కృపాదానం. కృష్ణపట్నం పోర్టు క్వార్టర్స్‌లో తీసేసిన వాషింగ్ మిషన్లు ఆరు కొట్టులో వరసగా ఉన్నాయి. అతను తుప్పు చూడలేదు, సొట్టలు చూడలేదు.

“లోపల బోర్డులు పనిచేస్తాయా భాయ్?” అని మాత్రం మూడుసార్లు అడిగాడు.

యాసీన్ ఆరింటినీ ప్లగ్గు పెట్టి తిప్పి చూపించాడు.

“ఆరూ ఇచ్చేయ్. సాయంత్రానికల్లా మా వర్క్‌షాపుకు పంపించు.”

“ఆరా! ఎవురివన్నా అన్ని మాసిన గుడ్డలు?”

అతను నవ్వలేదు. అడిగినంతా ఇచ్చి వెళ్లిపోయాడు.

వట్టి దద్దమ్మ, అనుకున్నాడు యాసీన్. బోర్డులు పనిచేస్తే చాలనుకుంటున్నాడు గానీ, వాటికిప్పుడు ఎంత గిరాకీ ఉందో ఈ మొద్దుకేం తెలుసు? ఫ్యాక్టరీలన్నీ కొత్త ఫోన్లకూ, కార్లకూ, మనిషిలా జవాబు చెప్పే కంప్యూటర్లకూ చిప్పులు చేయడంలో మునిగిపోయాయి. ఈ బోర్డుల్లో ఉండే పాతరకం చిప్పు చేసే నాథుడే లేడు. పాత బోర్డు కనబడితే చాలు, చెన్నై వ్యాపారులు ఎగబడుతున్నారు.

మధ్యాహ్నం షట్టరు సగం దించాడు. ఆరు మంచి బోర్డులూ ఊడబీకి, మూలన పడివున్న చచ్చిన బోర్డులు బిగించాడు. చేయి తిరిగిన పని. మిషన్లు కృపాదానానికి, మంచి బోర్డులు చెన్నై లారీకి వెళ్లిపోయాయి.

అంతలో డాక్టరు ఫోన్.

“రేపు షాహనాగారిని తీసుకురండి. మిషన్ బాగవుతుంది.”

“ఇప్పటికి బుద్ధొచ్చిందా వీళ్లకు!” అన్నాడు యాసీన్ ఫోన్ పెట్టేసి. కానీ కళ్లు చెమర్చాయి.

మర్నాడు భార్యాభర్తలిద్దరూ కరెంటు గది ముందు బెంచీ మీద కూర్చున్నారు. షాహనా వరసలో మొదటి పేరు తనదేనని రెండుసార్లు చెప్పింది. డాక్టరు తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు.

తలుపు తెరుచుకుంది, లోపల్నుంచి చెమట తుడుచుకుంటూ వచ్చిన కృపాదానం, “ఆరు బోర్డులూ చచ్చినవే డాక్టర్‌గారూ,” అన్నాడు.